మందులు నిండుకున్నాయి

ముందే చెబుతున్నాను. ఈ వ్యవహారంలో ఎవరూ ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. నేను ఆడలేదు, మా ఆస్పత్రికొచ్చే పెద్దవాళ్లు ఆడలేదు, చివరికి ఆ ఫోనులో మాట్లాడే పిల్ల కూడా ఆడలేదు. అందరూ నిజమే పలికారు, పలికింది పలికినట్టు రికార్డయింది. కొంప మునిగింది అందువల్లే.

నా పేరు ముక్తేశ్వరరావు. వీరన్నపాలెం రెండో నంబరు మునిసిపల్ ఆస్పత్రిలో మందుల కిటికీ వెనక ఇరవై ఆరేళ్లుగా కూర్చుంటున్నాను. కాగితాల మీద నన్ను ఫార్మసీ అధికారి అంటారు, కిటికీ అవతలివాళ్లు కాంపౌండరు గారూ అంటారు. బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లు నెలకోసారి వచ్చి పేరు చెబుతారు. నేను ఎర్ర అట్ట రిజిస్టరులో రాసుకుని, బీరువా తెరిచి మాత్రలిస్తాను. వాళ్లు మోకాళ్ల నొప్పుల గురించి ఓ పావుగంట చెప్పి వెళ్తారు. ఇంత సులువుగా నడిచే పని పైవాళ్ల కంట్లో పడకుండా ఎన్నాళ్లుంటుంది చెప్పండి.

పడింది. "నిండు నూరేళ్లు" అనే యాప్ వచ్చింది.

యాప్‌తోపాటు ఒక అధికారి కూడా వచ్చారు. ఆయన జిల్లా డిజిటల్ వయోవృద్ధ ఆరోగ్య సమన్వయాధికారి. ఆ హోదా మొత్తం పలికేలోగా ఒకరికి బీపీ చూసెయ్యొచ్చు. పేరు సత్యశ్రీధర్, నలభై ఏళ్లుంటాయి, మెత్తని మనిషి. చెడ్డవాడు కాడు, అదే వచ్చిన ఇబ్బంది. చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేవాణ్ని.

మొదటి సమావేశంలో ఆయన లేచి, "డిజిటల్ సాధనముల పట్ల వయోవృద్ధులలో పాతుకొనియున్న ప్రతికూల దృక్పథమును సమూలముగా నిర్మూలించుటయే మన తక్షణ కర్తవ్యము" అన్నారు. నిర్మూలించేది దృక్పథాన్నేనా, వృద్ధుల్ని కూడానా అని నాకు అనుమానం వచ్చింది గానీ అడగలేదు. రిటైర్మెంటుకి మూడేళ్లుంది. మూడేళ్లున్నవాడు అనుమానాలు అడగడు.

ఆ దృక్పథం ఎంత లోతుకి పాతుకుందో తెలుసుకోవడానికి ఒక ప్రశ్నాపత్రం అచ్చేశారు. మొదటి ప్రశ్న ఇది. "మీరు యాప్‌ను ఏ మేరకు ఇష్టపడుచున్నారు? అ) ఇష్టపడుచున్నాను. ఆ) మిక్కిలి ఇష్టపడుచున్నాను. ఇ) ఇష్టపడుటకు శిక్షణ కోరుచున్నాను." ఇష్టం లేదు అన్న గడి ఏదండీ అని ఒక పెద్దాయన నన్నడిగాడు. అది పెడితే ప్రతికూల దృక్పథాన్ని ప్రోత్సహించినట్టవుతుందట అని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, చదవడం రాదని రాసిచ్చాడు.

యాప్ ఎలా పనిచేస్తుందంటే, రోజూ పొద్దున ఏడింటికి ఫోను మోగుతుంది. తీస్తే ఒక ఆడపిల్ల గొంతు, "నమస్కారము. నేను మీ ఆరోగ్య సహచరిని. మీ ఇంట మందుల నిల్వ ఏ స్థితిలో ఉన్నది?" అంటుంది. మనం నోటితో జవాబు చెప్పాలి. ముసలివాళ్ల వేలిముద్రలు అరిగిపోయి మిషను మీద పడవు కాబట్టి గొంతునే సంతకంగా తీసుకున్నారు. ఇంటికొక గొంతు. ఆ గొంతు చెప్పిన జవాబుని బట్టి నా ముందున్న తెర మీద ఎర్ర దీపమో ఆకుపచ్చ దీపమో వెలుగుతుంది. ఆకుపచ్చది వెలిగితేనే బీరువా తలుపు తెరుచుకుంటుంది. మా పాత ఇనప బీరువాకి ముందు తలుపున ఒక కరెంటు తాళం బిగించి, దానికి మూడు సీళ్లు వేసి వెళ్లారు. వెనక రేకు జోలికి ఎవరూ పోలేదు, అది ఎప్పటిలాగే నాలుగు స్క్రూల మీద ఉంది. డాక్టరు చీటీ కూడా యాప్‌లోనే వస్తుంది. చీటీ లేనిదే బజార్లో మెడికల్ షాపు వాడూ ఇవ్వడు. ఎర్ర రిజిస్టరుని అటకెక్కించమన్నారు. నేను సొరుగులో పెట్టాను.

పైవాళ్లు భయపడ్డట్టు పెద్దవాళ్లు యాప్‌ని చీదరించుకోలేదు సరికదా, నెత్తిన పెట్టుకున్నారు. పొద్దున్నే ఫోన్ చేసి మర్యాదగా పలకరించే పిల్లని ఎవరు కాదంటారు. "కాఫీ తాగావా తల్లీ?" అని అడిగేవాళ్లు. "మీదే ఊరు? ఎవరి తాలూకు?" అని ఆరా తీసేవాళ్లు. ఒకావిడ వారం రోజులపాటు పెళ్లయిందా లేదా అని అడిగి, ఆ పిల్ల తేల్చకపోయేసరికి ఏదో బాధలో ఉందని నిర్ధారించి, గుళ్లో దాని పేరున అర్చన చేయించింది. గోత్రం తెలియక పూజారి ఇబ్బంది పడ్డాడు. అంత సానుకూల దృక్పథం నేనెక్కడా చూడలేదు.

చిక్కు వచ్చింది ఒక్క మాట దగ్గర.

మా వైపు ఆడవాళ్లు ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయాయనరు. లేవు అని అసలే అనరు. "బియ్యం నిండుకున్నాయి" అంటారు. పసుపు, ఉప్పు, నూనె అన్నీ అంతే. అడుగంటిన డబ్బాని చేత్తో పట్టుకుని నిండుకుంది అంటారు, విన్న మగవాడు సంచీ తీసుకుని బజారుకి పరిగెడతాడు. ఇందులో ఎవరికీ తెలియని ముక్క ఏమీ లేదు. నాలుగేళ్ల పిల్లలకి కూడా తెలుసు.

ఫోనులో పిల్లకి తెలియదు. పెద్దవాళ్లు "మాత్రలు నిండుకున్నాయి తల్లీ" అన్నారు. అది నిండుకున్నాయి అంటే నిండుగా ఉన్నాయని రాసుకుంది. తెర మీద ఎర్ర దీపం, పక్కన "ఫుల్" అని ఒక మాట. ఎవరింట్లో మందు బిళ్ల లేదో వాళ్లంతా ఫుల్. ఆఖరికి మా వార్డులో పొద్దున్నే ఫుల్‌గా ఉన్న పెద్దవాళ్ల సంఖ్య, సాయంత్రం సారా కొట్టు దగ్గర ఫుల్‌గా ఉండేవాళ్లని మించిపోయింది.

ఈ సంగతి నాకు తెలిసింది మాణిక్యమ్మ గారి వల్ల.

మాణిక్యమ్మ గారికి డెబ్బై నాలుగు. ఆవిడ భర్త భద్రయ్య గారు కాలవ లాకుల దగ్గర ముప్పై ఏళ్లు తలుపులెత్తుతూ దించుతూ పనిచేసి రిటైరయ్యారు. ఆయనకి గుండె బలహీనం. రోజూ ఒక నీటి మాత్ర, ఒక గుండె మాత్ర పడాలి. నీటి మాత్ర ఆగితే ఒంట్లో నీరు దిగదు, కాళ్లలో చేరుతుంది. "జీవితమంతా నీళ్లని ఆపడం, వదలడం చేశాను కాంపౌండరు గారూ, ఇప్పుడు నాలో నీళ్లని వదిలేవాడు మీరు" అని నవ్వేవారు. ఆయనకి చెముడు కాబట్టి ఆ ఇంట్లో సంతకం గొంతు మాణిక్యమ్మ గారిది.

ఆవిడ కిటికీ దగ్గరికొచ్చి పేరు చెప్పారు. తెర ఎర్రగా వెలిగింది. ఫుల్.

"మీ ఇంట్లో మందులు నిండుగా ఉన్నాయంటోంది పెద్దమ్మా."

"నిండుకున్నాయి నాయనా. అందుకే కదా వచ్చాను."

అప్పుడు నాకు దీపం వెలిగింది. నాది ఆకుపచ్చదే గానీ బీరువాకి దాంతో పనిలేదు. "పెద్దమ్మా, రేపు పొద్దున అది అడిగినప్పుడు లేవు అని చెప్పండి. ఆ ఒక్క మాట చాలు" అన్నాను.

ఆవిడ ముఖం మారిపోయింది. "ఆయన మందులు లేవని నా నోటితోనా?" అన్నారు. "బియ్యానికే ఆ మాట అనం. ఇవి ఆయన ప్రాణం కోసం ఇంట్లో పెట్టుకున్నవి. పైన తథాస్తు దేవతలు తిరుగుతూ ఉంటారు. లేవు అంటే తథాస్తు అంటారు. నేననను నాయనా."

తథాస్తు దేవతల సంగతి నేను చెప్పలేను గానీ, మనం ఏమంటే దానికి "ఆమోదించబడినది" అని వెంటనే పలికే దేవత ఆ ఫోనులో ఉన్నమాట నిజం.

ఆవిడ మొండి మనిషి కాదు, నాలుగు రోజులు రకరకాలుగా ప్రయత్నించారు. మొదటి రోజు "పూర్తయ్యాయమ్మా" అన్నారు. పూర్తి నిల్వ అని రాసుకుంది. రెండో రోజు "తెచ్చుకోవాలి" అన్నారు. తెచ్చుకున్నారు అని రాసుకుంది. మూడో రోజు విసుగొచ్చి "నువ్వే వచ్చి చూసుకో తల్లీ" అన్నారు. గృహ సందర్శన విజయవంతము అని రాసుకుంది. నాలుగో రోజు ఆవిడ వచ్చి, "పాదాలకి వాపొచ్చింది నాయనా, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది" అన్నారు.

మర్నాడు సెలవు పెట్టి జిల్లా కార్యాలయానికి వెళ్లాను. సత్యశ్రీధర్ గారు గోడంత తెర ముందు కూర్చుని ఉన్నారు. తెర నిండా పచ్చటి గడులు, నా దగ్గర ఎర్రగా వెలిగే ఇళ్లే. నేను విషయమంతా చెప్పాను. ఆయన ఓపికగా విన్నారు, వినడంలో ఆయనకి పేరుంది.

"తమరు ప్రస్తావించిన అంశము క్షేత్రస్థాయి భావోద్వేగము" అన్నారు. "జిల్లాలో తొంభై ఏడు శాతం వృద్ధ గృహములలో మందుల నిల్వ సమృద్ధిగా ఉన్నట్లు వారి స్వీయ స్వరములతోనే ధ్రువీకరించియున్నారు. స్వీయ స్వరమును మించిన సాక్ష్యము ఏముండును?"

అంతలో ఆఫీసు అటెండరు గవర్రాజు తలుపు సందులోంచి తల పెట్టాడు. "సార్, కాఫీ పొడి నిండుకుందండి."

"అయితే త్వరగా తెప్పించవయ్యా, పన్నెండింటికి వీడియో కాన్ఫరెన్సు ఉంది" అన్నారు ఆయన, తల తిప్పకుండానే. గవర్రాజు వెళ్లిపోయాడు.

నేను గొంతు సవరించుకున్నాను. "సార్, గవర్రాజు ఏమన్నాడు?"

"కాఫీ పొడి నిండుకుందన్నాడు."

"మీరు తెప్పించమన్నారు."

"అవును."

"నిండుగా ఉన్నదాన్ని మళ్లీ తెప్పించడం ఎందుకు సార్?"

ఆయన నావైపు తిరిగారు. అర్థమైంది. ఆయన కళ్లలో అది నాకు స్పష్టంగా కనిపించింది, ఒక అర నిమిషం ఉంది కూడా. తర్వాత ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"ముక్తేశ్వరరావు గారూ, అది కాఫీ పొడి. ఇది డేటా."

యాప్‌లో ఏ మాటకి ఏ అర్థమో ఏడుగురు సభ్యుల సంఘం ఒకటి ఆమోదించిందట. అర్థం మార్చాలంటే ఆ సంఘమే కూర్చోవాలి. సంఘం గడువు ముగిసింది. కొత్త సంఘం వెయ్యాలంటే లబ్ధిదారుల నుంచి వంద ఫిర్యాదులు రావాలి. ఫిర్యాదు యాప్‌లోనే చెయ్యాలి. ఫుల్‌గా ఉన్నవాళ్లు సంతృప్తులు కాబట్టి వాళ్ల ఫోనులో ఫిర్యాదు గడి తెరుచుకోదు. "మరి ఫిర్యాదు ఎవరు చెయ్యాలి సార్?" అంటే, "మందులు అందుచున్నవారు" అన్నారు.

అయితే నేను చెప్పింది పూర్తిగా వృథా పోలేదు. పెద్దవాళ్లు లేవు అనలేకపోతున్నారన్న సంగతి ఆయన మనసులో పడింది. వారం తిరక్కుండా "నిస్సంకోచ నాస్తి వచన శిక్షణా శిబిరం" పెట్టారు. మా వార్డు కమ్యూనిటీ హాల్లో నలభై మంది పెద్దవాళ్లని కుర్చీల్లో కూర్చోబెట్టారు. సత్యశ్రీధర్ గారు మైకు పట్టుకున్నారు.

"ఆర్యులారా, పాత దృక్పథమును విడనాడవలెను. నాతోపాటు అందరూ పలకండి. మందులు లేవు."

ముందు వరసలో ఒకావిడ చెవులు మూసుకుంది.

"సంకోచము వలదు. మా ఇంట మందులు లేవు."

వెనక కుర్చీలోంచి ఒక పెద్దాయన జాలిపడి, "బాబూ, నాకు పళ్లు లేవండి. అది సరిపోతుందా?" అన్నాడు. శిక్షణ కోసం మైకు పక్కన తెరిచి పెట్టిన యాప్ అదీ రాసుకుంది. మర్నాటి నుంచి ఆ పిల్ల రోజూ ఏడింటికి ఆయనకి ఫోన్ చేసి "మీ దంతముల నిల్వ ఏ స్థితిలో ఉన్నది?" అని అడుగుతోంది. ఆయన సిగ్గుపడి ఫోను బియ్యం డబ్బాలో దాచాడు.

మాణిక్యమ్మ గారు లేచి నిలబడ్డారు. "నాయనా, ఒక్కమాట. మీ ఇంట్లో పసుపు అయిపో... పసుపు నిండుకుంటే మీ అమ్మగారు ఏమంటారు?"

"అది అప్రస్తుతము" అన్నారు ఆయన. హాల్లో నలభై మంది ఆయన్ని చూసి తల పంకించారు. తన తల్లి సంగతి అప్రస్తుతం అన్న మనిషిని వాళ్లు అంతకుముందు చూసి ఉండరు.

శిబిరం విజయవంతమైందని పేపర్లో వచ్చింది. భద్రయ్య గారి వాపు పిక్కల దాకా వచ్చింది. మాణిక్యమ్మ గారు ఆయన్ని ఆటోలో పెద్దాస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడి తెర మీద కూడా ఫుల్లే. "ఇంట్లో నిండా మందులు పెట్టుకుని వేసుకోకపోతే ఎలాగమ్మా? మీ దృక్పథం మార్చుకోవాలి" అని కేకలేసి పంపించారు. ఆవిడ అంత దూరం వెళ్లి, మొగుడికి మందు వెయ్యని మనిషి అనిపించుకుని వచ్చారు.

మందులు ఆగిన పదకొండో రోజున సన్మాన సభ జరిగింది. నూటికి నూరు శాతం ఇళ్లలో నిల్వ నిండినందుకు మాది "సంపూర్ణ ఔషధ సమృద్ధ జిల్లా" అయింది. రోజూ ఫోను ఎత్తి, తప్పకుండా జవాబు చెప్పిన ఆదర్శ లబ్ధిదారుగా మాణిక్యమ్మ గారిని ఎంపిక చేశారు. పిలుపు రాగానే ఆవిడ మందులు ఇస్తారనుకుని, భద్రయ్య గారిని పక్కింటివాళ్లకి అప్పజెప్పి, గుడ్డ సంచీ పట్టుకుని వచ్చారు.

వేదిక మీద శాలువా కప్పారు. జ్ఞాపిక ఇచ్చారు. ఆవిడ సంచీ తెరిచి పట్టుకుంటే అందులో రెండు యాపిల్ పళ్లు వేశారు. తర్వాత పెద్దల ఎదుట ప్రత్యక్ష ప్రదర్శన. సత్యశ్రీధర్ గారు ఫోనుని మైకు దగ్గర పెట్టారు. "మీ ఇంట మందుల నిల్వ ఏ స్థితిలో ఉన్నది?" అని హాలంతా మోగింది.

"నిండుకున్నాయి తల్లీ. ఇవాళ్టికి పదకొండు రోజులైంది. నీకు రోజూ చెబుతూనే ఉన్నాను."

"ధన్యవాదములు. పదకొండు దినములుగా నిరంతర సమృద్ధి. ఆమోదించబడినది."

చప్పట్లు. ఆవిడ మైకు వైపు వంగి, "ఈ శాలువా వద్దు నాయనా, నాలుగు మాత్రలిప్పించండి" అన్నారు. పెద్దలంతా నవ్వి, ఎంత నిరాడంబరత అని ఇంకాసేపు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొట్టనివాళ్ల పేర్లు రాసుకునే మనిషి నా పక్క కుర్చీలోనే ఉన్నాడు.

ఆ సభలోనే ఇంకో ప్రకటన వచ్చింది. ప్రజలందరి దగ్గరా మందులు నిండుగా ఉన్నందున ఆస్పత్రుల్లో ఉన్న సరుకు మిగులు కింద లెక్కట. దాన్ని వచ్చే శుక్రవారం వ్యానులో గిడ్డంగికి తీసుకుపోతారు. అంటే శుక్రవారం దాటితే నా బీరువా తెరుచుకున్నా ఒకటే, తెరుచుకోకపోయినా ఒకటే.

ఆ తర్వాత మాణిక్యమ్మ గారు రోజూ వచ్చి కిటికీ ఎదురుగా బల్ల మీద కూర్చునేవారు. ఇవాళైనా దీపం రంగు మారుతుందేమోనని చూసేవారు. వాపు మోకాలు దాటిందనీ, పడుకుంటే ఊపిరాడక ఆయన కుర్చీలోనే కూర్చుంటున్నారనీ చెప్పేవారు. నేను తెరని చూసేవాణ్ని. బీరువాని చూసేవాణ్ని కాదు. ఆ బీరువాలో ఆయన నీటి మాత్రలు రెండో అరలో ఎడమ పక్కన ఉంటాయి. అట్టపెట్టె రంగుతో సహా నాకు తెలుసు.

మందులు ఆగిన పద్దెనిమిదో రోజు, బుధవారం పొద్దున పదకొండింటికి సత్యశ్రీధర్ గారు మా ఆస్పత్రికొచ్చారు. కారు లేదు, ఫైలు లేదు, వెనక మనుషులు లేరు. చొక్కా గుండీ ఒకటి తప్పుగా పెట్టుకున్నారు. వరసలో ఇద్దరి వెనక నిలబడి కిటికీ దగ్గరికొచ్చారు.

"ముక్తేశ్వరరావు గారూ, మా అమ్మకి బీపీ మాత్రలు నిండుకున్నాయండి. మూడు రోజులైందట, నాకు నిన్ననే చెప్పింది. పొద్దున్నుంచి కళ్లు తిరుగుతున్నాయంటోంది. త్వరగా ఇవ్వండి, ఇంట్లో ఒక్కర్తే ఉంది."

కాఫీ పొడి సంగతి తప్పిస్తే, ఆయన మామూలు తెలుగు మాట్లాడటం అదే మొదటిసారి వినడం. బాగానే మాట్లాడతారు.

"మీ ఇంట్లో సంతకం గొంతు ఎవరిది సార్?"

"నాదే."

"పొద్దున ఆ పిల్ల అడిగితే ఏం చెప్పారు?"

నేను తెరని ఆయన వైపు తిప్పాను. ఎర్ర దీపం. ఫుల్. పక్కనే ఆయన పేరు, పూర్తి హోదాతో.

"ఫరవాలేదు సార్" అన్నాను. "ఫోను తీసి లేవు అనండి. ఒక్క మాట. శిబిరంలో మీరు నేర్పిందే."

ఆయన ఫోను తీశారు. ఆ పిల్ల అడిగింది. ఆయన "మా అమ్మ మందులు" అన్నారు, ఆగారు. మళ్లీ అడిగింది. "అమ్మవి... మా అమ్మ మందులు..." అన్నారు. మూడోసారి అడిగినప్పుడు ఆయన పెదాలు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. రెండోసారి దాకా నాకు సరదాగానే ఉంది, దాచుకోవడం దేనికి. మూడోసారికి చూడలేకపోయాను.

బల్ల మీంచి మాణిక్యమ్మ గారు లేచి వచ్చారు. "వద్దు నాయనా" అన్నారు. "అమ్మ విషయంలో ఆ మాట అనకు. ఫోను లోపల పెట్టు."

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నారు. ఆవిడని గుర్తుపట్టారు. శాలువా కప్పింది ఆయనే కదా. తర్వాత ఆయన బీరువా వైపు చూసి, "దీన్ని తెరవడానికి వేరే దారి ఏమీ లేదా?" అన్నారు.

"వెనక రేకుకి నాలుగు స్క్రూలున్నాయి సార్" అన్నాను.

"స్క్రూడ్రైవరు?"

"సొరుగులో ఉంది."

ఆ జవాబులు నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చాయంటే, చాలారోజులుగా అక్కడే సిద్ధంగా కూర్చుని ఉన్నట్టున్నాయి. ఆయన చొక్కా చేతులు మడిచారు. ఇద్దరం కలిసి బీరువాని గోడ నుంచి ఇవతలికి లాగాం. జిల్లా డిజిటల్ వయోవృద్ధ ఆరోగ్య సమన్వయాధికారి రేకు పట్టుకుంటే నేను స్క్రూలు విప్పాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ముందు తలుపున తాళం తాళంలాగే ఉంది, సీళ్లు సీళ్లలాగే ఉన్నాయి.

ఎర్ర రిజిస్టరు తీశాను. మొదటి పేరు ఆయనే తన చేత్తో రాశారు. వివరముల గడిలో ఏం రాయాలో తోచక కాస్త ఆగి, "మాత్రలు నిండుకున్నవి" అని రాసి, సంతకం పెట్టి, "అందరికీ ఇచ్చెయ్యండి, నా పేరు చెప్పండి" అని పరుగులాంటి నడకతో వెళ్లిపోయారు. వరసలో ఉన్నవాళ్లకి ఇచ్చాను. కబురు పాకి ఇంకా చాలామంది వచ్చారు, వాళ్లకీ ఇచ్చాను.

మాణిక్యమ్మ గారికి రెండు నెలల మాత్రలు లెక్కపెట్టి ఇచ్చాను. ఆవిడ గుడ్డ సంచీలో జాగ్రత్తగా సర్దుకున్నారు గానీ కదల్లేదు. కిటికీ చెక్క మీద నేను పెట్టిన నాలుగు స్క్రూల వంక చూస్తూ ఉన్నారు.

"ఇవి కొత్తగా పెట్టారా నాయనా?"

"కాదు పెద్దమ్మా. మొదటినుంచీ ఉన్నవే."

"నేను మొదట వచ్చిన రోజున కూడా ఉన్నాయా?"

"ఉన్నాయి."

"స్క్రూడ్రైవరో?"

"అదీ ఉంది."

ఆవిడ "ఊఁ" అన్నారు. తిడతారేమోనని చూశాను, తిట్టలేదు. "వస్తాను నాయనా" అని వెళ్లారు.

తర్వాత జరిగింది పేపర్లో వచ్చింది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. శుక్రవారం వ్యాను వచ్చింది. బీరువా చూసి డ్రైవరు పైకి ఫోన్ చేసి "ఇక్కడ నిండుకున్నాయండి" అన్నాడు. అయితే ఎక్కించెయ్యి అన్నారు వాళ్లు. వాడు ఖాళీ వ్యాను తోలుకుపోయాడు, ఫుల్ లోడు అందినట్టు గిడ్డంగిలో రసీదు ఇచ్చారు. సత్యశ్రీధర్ గారి తల్లి కోలుకున్నారు. ఆయన కాళ్లరిగేలా తిరిగి కొత్త సంఘం వేయించారు. సంఘం మూడుసార్లు కూర్చుని, ఇకపై "నిండు" అన్న మాట ఎక్కడ వినిపించినా నిల్ అని రాసుకోవాలని తీర్మానించింది. ఆ ప్రకారం మొన్న వచ్చిన ఇంగ్లీషు వార్షిక నివేదిక అట్ట మీద, బంగారు అక్షరాల్లో, పథకం పేరు "నిల్ నూరేళ్లు" అని అచ్చయింది. అది కూడా ఆమోదించబడింది.

భద్రయ్య గారికి పది రోజుల్లో నీరు దిగింది. ఇదివరకు సాయంత్రం పూట లాకుల దాకా నడిచి వచ్చేవారు. ఇప్పుడు వీధి చివరిదాకా వెళ్తున్నారు, కర్ర పట్టుకుని. ఆ పద్దెనిమిది రోజులు గుండె మీద పడ్డ బరువు పోయేది కాదని డాక్టరు చెప్పాడు.

మాణిక్యమ్మ గారు నెలనెలా వస్తున్నారు. ఇప్పుడు దీపం ఆకుపచ్చగానే వెలుగుతుంది, తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. మోకాళ్ల నొప్పుల గురించి పావుగంట చెబుతారు. మాత్రలు సంచీలో వేసుకుని, వెళ్లబోయే ముందు ఒక్కసారి నా భుజం మీదుగా బీరువా వెనక్కి చూస్తారు. స్క్రూడ్రైవరు సొరుగులో పెట్టడం మానేశాను. ఆవిడకి కనిపించేలా కిటికీ చెక్క మీదే ఉంచుతున్నాను.